చీకటి అన్న మాట దగ్గర

అమ్మాయీ,

అమెరికా నల్లజాతి గాయకుడు నాట్ కింగ్ కోల్ టీవీ షో మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఒక్క గుక్కలో, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. ఆయన పాటంటే నీకు ప్రాణమని ప్రతి పేజీలోనూ తెలుస్తోంది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఒక తప్పు సరిచేసుకో. "అమెరికా టీవీలో సొంత కార్యక్రమం నడిపిన తొలి నల్లజాతి కళాకారుడు" అని మొదలుపెట్టావు. అది నిజం కాదు. ఆయన కంటే ఆరేళ్ళ ముందే, 1950లో, డ్యూమాంట్ అనే నెట్‌వర్క్‌లో హేజెల్ స్కాట్‌కి సొంత షో ఉండేది. ట్రినిడాడ్‌లో పుట్టిన గొప్ప పియానో విద్వాంసురాలు ఆవిడ. కమ్యూనిస్టులతో సంబంధాలున్నాయని ఒక జాబితాలో ఆవిడ పేరెక్కించారు. ఎవరూ పిలవకుండానే అమెరికా కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు, కమిటీ ముందుకెళ్ళి సమాధానం చెప్పింది. వారం తిరిగేసరికి షో పోయింది. "తొలి" అన్న మాట రాసేముందు ఎప్పుడూ ఒకసారి ఆగు. ఆ ఒక్క మాటతో అంతకుముందున్న మనిషి చెరిగిపోతుంది. నీ మొదటి వాక్యంలో చెరిగిపోయింది హేజెల్ స్కాటే. ఆవిణ్ణి వెనక్కి తీసుకురా. రెండు వాక్యాలు చాలు.

ఇక ఎత్తుగడ. 1919లో అలబామాలోని మాంట్‌గొమరీలో పుట్టాడు, 1937లో ముగ్గురితో ట్రయో అనే సంగీత బృందం పెట్టాడు అని వరసగా చెప్పుకుంటూ వచ్చావు. టీవీ దగ్గరికి వచ్చేసరికి నాలుగో పేజీ అయింది. నేనైతే 1956 నవంబరు 5, సోమవారం రాత్రి ఏడున్నర దగ్గర మొదలుపెడతాను. ఎన్‌బీసీ అనే టీవీ నెట్‌వర్క్‌లో పదిహేను నిమిషాల షో, దాని వెనకే వార్తలు. మర్నాడు అమెరికా అధ్యక్ష ఎన్నిక. సరిగ్గా ఎనిమిది రోజులకి, నవంబరు 13న, మాంట్‌గొమరీ సిటీ బస్సుల్లో తెల్లవాళ్ళకి వేరే సీట్లు, నల్లవాళ్ళకి వేరే సీట్లు చెల్లవని సుప్రీంకోర్టు తేల్చింది. పుట్టిన ఊరి సంగతి చెప్పాల్సింది అక్కడ. అతను తెరమీద చిరునవ్వుతో పాడుతున్న వారాల్లోనే అతని పుట్టినూరి నల్లవాళ్ళు ఆ సీట్ల పద్ధతికి నిరసనగా బస్సెక్కడం మానేసి నడిచిపోతున్నారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి ఊరుకో, వ్యాఖ్యానం అక్కర్లేదు.

అదే ఏడాది ఏప్రిల్ 10న అలబామాలోనే ఉన్న బర్మింగ్‌హామ్‌లో, స్టేజీ మీద పాడుతున్న ఆయన మీద తెల్లవాళ్ళు చేసిన దాడి గురించి మూడు పేజీలు రాశావు. బాగా రాశావు, చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. కానీ ఒకటి వదిలేశావు. ఆ ఆటకి వచ్చినవాళ్ళంతా తెల్లవాళ్ళే, నల్లవాళ్ళకి వేరే ఆట. అలా విడదీసిన హాళ్ళలో ఎందుకు పాడతావని నల్లవాళ్ళ పత్రికలే ఆయన్ని నిలదీశాయి, కొన్నిచోట్ల ఆయన రికార్డులు వాయించడం మానేశారు. ఆ తర్వాతే ఆయన నల్లవాళ్ళ హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీలో జీవిత సభ్యత్వం తీసుకున్నాడు. ఇది నీకు తెలియక వదిలేశావని నేను అనుకోను. ఇష్టమైన మనిషి మీద మచ్చ పడుతుందని దాచి ఉంటావు. దాచకు. స్టేజీ మీద దెబ్బలు తిని, సొంతవాళ్ళ చేత మాటలు పడి, ఏడు నెలలకి కెమెరా ముందు కూర్చున్న మనిషి నీ వ్యాసంలో ఉన్న దేవుడి కంటే నాకు చాలా దగ్గరగా అనిపిస్తాడు.

డబ్బు సంగతి మాత్రం ఇంకా పెంచి రాయి. "స్పాన్సర్లు దొరకలేదు" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. మన పాఠకుడికి అది తెలియదు. ఆ రోజుల్లో అక్కడ షో అంటే ఏదో ఒక కంపెనీ భుజాన వేసుకోవాల్సిందే. సబ్బులవాళ్ళో సిగరెట్లవాళ్ళో ఖర్చు పెట్టుకుంటారు, షో మొత్తం వాళ్ళ పేరు మోగుతుంది. ఆ కంపెనీలకీ టీవీకీ మధ్య న్యూయార్క్‌లో మాడిసన్ అవెన్యూ అనే వీధిలో ప్రకటనల ఏజెన్సీలు ఉండేవి. నల్లమనిషి షోకి మన సరుకు పేరు తగిలిస్తే అమెరికా దక్షిణాదిలో తెల్లవాళ్ళు ఆ సరుకు కొనడం మానేస్తారని వాళ్ళ భయం. ఎన్‌బీసీయే ఖర్చు మోసింది. 1957 జూలైలో షోని అరగంట చేసింది కూడా. ఎల్లా ఫిట్జెరాల్డ్, హ్యారీ బెలఫాంటే, పెగ్గీ లీ లాంటి పెద్ద పెద్ద వాళ్ళు యూనియన్ ఖరారు చేసిన కనీస వేతనానికి వచ్చి పాడిపోయారు. అక్కడక్కడ ప్రాంతీయ స్పాన్సర్లు దొరికారు, న్యూయార్క్‌లో రైన్‌గోల్డ్ బీరు కంపెనీ లాగ. దేశం మొత్తానికీ ఒక్క కంపెనీ నిలబడలేదు. ఆఖరి షో 1957 డిసెంబరు 17న. నువ్వు "చానల్ తొలగించింది" అని రాశావు, అదీ మార్చు. ఆయనే మానుకున్నాడు.

ఈ లెక్కలన్నీ నెమ్మదిగా, గొంతు పెంచకుండా చెప్పు. "ఘోరమైన అన్యాయం", "అమానుషమైన వివక్ష" అని ఏడుచోట్ల రాశావు. ఏడూ కొట్టేశాను. ఎల్లా ఫిట్జెరాల్డ్ కనీస వేతనానికి పాడిందన్న వాక్యం చదివినవాడికి, అన్యాయమని నువ్వు వేరే చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైన చోటికి వస్తున్నాను. ఆయన అన్న ఆ ప్రసిద్ధమైన మాటని నువ్వు "మాడిసన్ అవెన్యూ అంధకారమునకు భీతిల్లుచున్నది" అని తెలుగు చేశావు. అంత మృదువుగా పాడే మనిషి నోట ఈ భాష రాదమ్మా. "మాడిసన్ అవెన్యూకి చీకటంటే భయం." అంతే. పిల్లల గురించి మనం ఎలా అంటామో అలాగే. కోట్లు సంపాదించే ఆ వీధిని చీకటికి జడిసే పసిపిల్లతో పోల్చాడని అప్పుడు చదివేవాడికి అందుతుంది.

ఇందులో చిక్కొకటి ఉంది, నీకు అది తట్టినట్టే ఉంది. ఇంగ్లీషులో డార్క్ అంటే చీకటీ అవుతుంది, ఒంటి నలుపూ అవుతుంది. తెలుగులో చీకటి వేరు, నలుపు వేరు. అందుకే నువ్వు బ్రాకెట్లో వివరణ పెట్టి, కింద "నలుపు నారాయణ మెచ్చు" అని సామెత కూడా తగిలించావు. ఆ రెండూ తీసెయ్. సామెత మరీ ముఖ్యంగా. నల్లగా పుట్టిన ఆడపిల్లని ఓదార్చడానికి మన ఇళ్ళల్లో వాడే మాట అది. అది వినగానే మనసు పెళ్ళిచూపుల మీదకి పోతుంది, బర్మింగ్‌హామ్‌కి పోదు. దానికి బదులు ముందు వాక్యంలో ఆయన ఒంటి రంగు ప్రస్తావన తీసుకురా. ఏ కంపెనీ ఆ రంగు పక్కన తన పేరు పెట్టుకోడానికి ఒప్పుకోలేదని చెప్పు. వెంటనే ఈ మాట. చీకటి దేనికి సంకేతమో చదివేవాడే పట్టుకుంటాడు. నేను ఈ ఒక్క వాక్యం కోసం పొద్దున్నంతా కూర్చున్నాను, ఇంతకంటే దారి దొరకలేదు.

నా సంగతి ఒకటి చెప్తాను. ఎనభైల్లో మా వీధి మొత్తానికీ ఒకటే టీవీ. శుక్రవారం సాయంత్రం చిత్రలహరి వస్తోందంటే వీధి వీధంతా ఆ ఇంటికే. హాల్లో చాపలు పరిచేవాళ్ళు. కొందరు పిల్లలం మాత్రం చాప దాకా వెళ్ళకూడదు. ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ రమ్మనలేదు, మాకే తెలుసు. కిటికీ బయట ఇటుకలు పేర్చుకుని నిలబడేవాళ్ళం. పాట నడుస్తున్నంతసేపూ చువ్వలు పట్టుకుని ఉండేవాణ్ణి. ఇంటికొచ్చాక కంచం ముందు కూర్చుంటే చేతుల్లో తుప్పు వాసన. ఇది మొదటిసారి కథగా రాసినప్పుడు నిండా కోపమే. చదివిన వాళ్ళు అయ్యో అన్నారు, మర్చిపోయారు. చాలా ఏళ్ళ తర్వాత మళ్ళీ రాశాను. ఈసారి కోపం అన్న మాట లేదు, తుప్పు వాసన ఉంది. ఆ కథ చదివి ఒకాయన, చిన్నప్పుడు హాల్లో చాప మీద కూర్చున్నాయన, మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు.

నీ వ్యాసం నన్ను కదిలించింది కూడా ఇందుకే. టీవీ పెట్టె ఉండేది నట్టింట్లో. గుమ్మం దాటి రానివ్వని మనిషి ఆ పెట్టెలోంచి వారం వారం నట్టింట్లోకి వచ్చి కూర్చుని పాట పాడాడు. ఈ సంగతి నీ ఆరో పేజీలో ఒక మూల పడి ఉంది. దాన్ని పైకి తీసుకురా.

చివరగా ఒక పని చెప్తాను, చేసి తీరు. ఆ షోల పాత రీళ్ళు చూశానన్నావు. అవి కినెస్కోపులు. అంటే వీడియో టేపు ఇంకా విరివిగా వాడుకలోకి రాకముందు, ప్రసారమవుతున్న తెర ఎదురుగా ఫిల్ము కెమెరా పెట్టి తీసిన కాపీలు. అందుకే బూడిద పూసినట్టు, అంచులు కరిగినట్టు ఉంటాయి. ఒక పాట తీసుకుని ముందు శబ్దం ఆపేసి చూడు. తర్వాత కళ్ళు మూసుకుని విను. గాయకుడిగా పేరు రాకముందు ఆయన జాజ్ పియానో వాద్యకారుడు. చేతులు మీటల మీద వాటి పని అవి చేసుకుంటూ ఉంటాయి, మొహం మాత్రం పక్కకి తిరిగి మనల్నే చూస్తూ ఉంటుంది. చేతుల వైపు చూడనే చూడడు. అలా ఎంతసేపు చూస్తాడో, ఏ మాట దగ్గర నవ్వు తగ్గుతుందో, ఏ మాట దగ్గర కనుబొమ లేస్తుందో కాగితం మీద రాసుకో. నీ వ్యాసంలో ఆయన పుట్టుక ఉంది, దాడి ఉంది, షో పోవడం ఉంది. పాడుతున్న మనిషి మాత్రం ఒక్క పేజీలోనూ లేడు.

పెన్సిల్ గీతలతో నీ కాగితాలు ఇందులోనే పెట్టి పంపుతున్నాను. మూడో పేజీ మార్జిన్‌లో ప్రశ్నార్థకం పెట్టిన చోట తేదీ ఇంకోసారి చూసుకో. తిరగరాసింది పంపేటప్పుడు, ఆ పాట ఏదో, ఎక్కడ నవ్వాడో కూడా రాయి. నేనూ పెట్టుకుని చూస్తాను.

ఆశీస్సులతో,
మాస్టారు