ఆంక్షా, నిషేధమా, దిగ్బంధమా?

సందేహం: 1977లో దక్షిణాఫ్రికాపై ఐక్యరాజ్యసమితి 'ఆయుధ నిషేధం' విధించిందని ఒక పోటీపరీక్షల పుస్తకంలో ఉంది. అదే పుస్తకంలో ఇంకోచోట 'ఆయుధ ఆంక్షలు', మరోచోట 'ఆయుధ దిగ్బంధం' అని రాశారు. మూడూ ఒకటేనా? ఏది సాధువు? – ఒక పాఠకుడు, తెనాలి

సమాధానం: ఒకటి కావు. దిగ్బంధాన్ని ముందే పక్కన పెడదాం. సహస్రనామానికి ముందు 'భూర్భువస్సువరోమితి దిగ్బంధః' అనుకునే ఇళ్లలో వేరే చెప్పక్కర్లేదు, దిక్కులన్నీ కట్టేయడం అది. 1962లో క్యూబా చుట్టూ అమెరికా యుద్ధనౌకలు నిలిచినప్పుడు ఆ మాట అతికింది. దక్షిణాఫ్రికా రేవులను ఎవరూ అలా కట్టేయలేదు.

'నిషేధం'తో వేరే చిక్కు. మద్యనిషేధం అంటే మద్యమే కూడదని. ఆ లెక్కన ఆయుధ నిషేధమంటే ఆయుధాలే కూడవనాలి. ఇక్కడ ఆయుధాలు కూడనివి కావు, వాటిని ఫలానావాడికి ఇవ్వడం కూడదు. 'ఆంక్షలు' గొడుగులాంటి మాట. బ్యాంకులు, ప్రయాణాలు, చమురు అన్నీ దాని కిందికే వస్తాయి.

నన్నడిగితే దీనికి 'ఆన' అనే మాట ఉంది. ఆజ్ఞ ప్రాకృతంలో ఆణా అయి, మన దగ్గర ఆన అయింది. ఈనాటివాళ్లకు 'రాముని ఆన' అనే ఒట్టు ఒక్కటే తెలుసు. రాజు పేరు చెప్పి ఒకణ్ణి కదలకుండా ఆపడమూ ఆనే. 13వ శతాబ్దంలో మార్కోపోలో మాబారు దేశంలో, అంటే తమిళ తీరాన, చూసినది చెబుతాడు. బాకీ ఎగ్గొట్టేవాడి చుట్టూ అప్పిచ్చినవాడు నేలమీద గీత గీస్తే, తీర్చేదాకా వాడు దాటకూడదు. ఒకసారి రాజే ఒక విదేశీ వర్తకుడికి బాకీపడి వాయిదాలు వేస్తున్నాడట. ఆయన గుర్రమ్మీద వెళ్తుండగా వర్తకుడు గుర్రంతో సహా చుట్టూ గీత గీశాడు. వర్తకుడికి సమాధానం కుదిరేదాకా రాజు అడుగు కదపలేదు!

దీనికి ఇంగ్లీషువాళ్లు వాడే 'ఎంబార్గో' స్పెయిన్ మాట. రేవులో ఓడను కదలనివ్వకుండా పట్టి ఉంచడం దానికి పాత అర్థం. మన చినగంజాం దగ్గరి మోటుపల్లికి వెళ్లండి, దానికి సరిగ్గా ఎదురు మాట రాతిమీద కనిపిస్తుంది. 1244 ప్రాంతంలో కాకతి గణపతిదేవుడు వేయించిన అభయశాసనం అది. తుపానుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు పూర్వరాజులు బలవంతంగా లాక్కునేవారు, మేము మాత్రం నిర్ణీత సుంకం తప్ప అన్నీ వదిలేస్తున్నాం అంటాడు. ప్రాణం కన్నా ధనమే ఎక్కువనుకుని సముద్రం దాటి వచ్చినవాళ్లట వాళ్లు! ఆ చురక నాకు భలే ఇష్టం.

దారి తప్పాను. 1963లో భద్రతామండలి 181వ తీర్మానంతో దక్షిణాఫ్రికాకు ఆయుధాలు అమ్మవద్దని దేశాలను కోరింది. అది విన్నపం, ఇష్టమైనవాళ్లు విన్నారు. 1977 నవంబరు 4 నాటి 418వ తీర్మానం సమితి నియమావళి ఏడో అధ్యాయం కింద వచ్చింది, సభ్యదేశాలన్నీ పాటించి తీరాలి. ఒక సభ్యదేశం మీద అలాంటిది అదే మొదలు. విన్నపానికీ ఆనకూ మధ్య పద్నాలుగేళ్లు! ఈలోగా 1968లో దక్షిణాఫ్రికా సర్కారు ఆర్మ్‌స్కోర్ అనే సొంత ఆయుధసంస్థనే పెట్టుకుంది.

ఇంకొకటి గమనించండి. గీత దక్షిణాఫ్రికా చుట్టూ గీసినా, కట్టుబడాల్సింది అమ్మేవాడి చెయ్యి. 'ఆంక్షలు విధించబడ్డాయి' అని రాసే పత్రికలవాళ్లు విధించినవాణ్ణీ అమ్మేవాణ్ణీ ఇద్దరినీ మాయం చేస్తారు. ఆ 'బడు' ఎప్పుడు వదులుతుందో!

'ఆయుధ సరఫరాపై నిషేధం' అంటే అర్థం తప్పదు, కాస్త పొడుగంతే. 'ఆయుధ ఆంక్షలు' కూడా చెల్లుబాటైపోయింది, తప్పనను. పరీక్షలో 'ఆన' మాత్రం రాయకండి, దిద్దేవారు ఒట్టు అనుకుంటారు.