మన 'అండి' ఇంగ్లీషులో ఎక్కడుంటుంది?

విశాఖపట్నం

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

మధురవాడ కాలేజీలో బిజినెస్ ఇంగ్లీషు క్లాసు నీకే ఇచ్చారట, అమ్మ చెప్పింది. నువ్వు పంపిన సిలబస్ చూశాను. మొదటి యూనిట్టే 'ఉత్తరం భాగాలు'! నేనూ అలాగే మొదలుపెట్టాను తల్లీ. అడ్రస్ ఎడమవైపా కుడివైపా అని నెల్లాళ్లు చెప్పాను. ఆ క్లాసులోని కుర్రాడొకడు తర్వాత రొయ్యల ఎగుమతి ఆఫీసులో చేరి, అమెరికా పార్టీకి 'సెండ్ ద పేమెంట్ టుడే' అని రాశాడు. అడ్రస్ సరైన చోటే పెట్టాడు. ఆ పార్టీ మాత్రం రెండు వారాలు జవాబే ఇవ్వలేదు.

వాడు అనుకున్నది 'ఇవాళ డబ్బు పంపండి' అనే. మన మర్యాదంతా ఆ 'అండి'లో ఉంది. ఇంగ్లీషులోకి మార్చేసరికి అది కాస్తా రాలిపోయింది. అక్కడ మర్యాద 'కుడ్ యూ', 'వుడ్ యూ' అని ఆజ్ఞని ప్రశ్నగా మార్చడంలో ఉంటుంది. ఇది చెప్పకపోతే పిల్లలు మొరటుగా రాస్తారు, లేదంటే భయపడి 'రెస్పెక్టెడ్ సర్, కైండ్లీ ప్లీజ్ డూ ద నీడ్‌ఫుల్' అంటూ పొర్లుదండాలు పెడతారు. ఫోన్లో 'చెప్పండి' అనబోయి 'టెల్ మీ' అనేదీ ఇదే జబ్బు.

కాబట్టి మొదటి వారం పుస్తకం తెరవకు. 'ఆ ఫైలు పంపండి', 'కాస్త ఆగండి' లాంటి మాటలు నాలుగు తెలుగులోనే బోర్డు మీద రాయి. ఒక్కోదాన్ని స్నేహితుడికి ఒకలా, మేనేజరుకి ఒకలా, ఎప్పుడూ చూడని కస్టమరుకి ఒకలా ఇంగ్లీషులో రాయమను. వాళ్లలో వాళ్లు వాదించుకోనీ. క్లాసు చేపల బజారులా ఉందని ప్రిన్సిపాల్ తొంగిచూస్తే ఆయన్నీ ఒకటి రాయమను!

ఆ తర్వాత 'కుదరదు' అని చెప్పడం నేర్పు. మనం 'చూద్దాంలెండి' అంటే అవతలి తెలుగువాడికి అర్థమైపోతుంది. పరాయి దేశం వాడు దాన్ని సరేననుకుని ఎదురుచూస్తాడు. 'కంటైనర్ గురువారం వెళ్లదు, మంగళవారం పంపగలం' అని రెండూ ఒకే వాక్యంలో రాయించు.

తేదీల్లో నెల పేరు అక్షరాల్లో రాయాలి. 4/5 మనకి మే 4, అమెరికా వాళ్లకి ఏప్రిల్ 5. కోటి అంటే 10 మిలియన్లని కూడా చెప్పు.

'ప్రీపోన్' (ముందుకు జరపడం), 'రివర్ట్' (జవాబివ్వడం) లాంటి మన దేశపు ఇంగ్లీషు మాటలు కనపడగానే ఎర్రసిరా తీయకు. నేను ఏళ్ల తరబడి 'ప్రీపోన్'కి అర మార్కు కోశాను, అన్యాయంగా. మన దేశంలో ఆ మాటలు చక్కగా నడుస్తాయి. బయటివాళ్లకి రాసేటప్పుడు మార్చుకోమంటే చాలు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లుంటారు. వాళ్ల యాసని చూసి ఎవరైనా నవ్వితే మాత్రం ఊరుకోకు.

ఆదివారం ఇంటికి రా. పేర్లు కొట్టేసిన పాత మెయిళ్ల కట్ట నీ కోసం తీసి ఉంచాను. వచ్చేటప్పుడు ఎంవీపీ కాలనీ రైతుబజారులో ఆగి నాలుగు ములక్కాడలు పట్రా.

మీ పెద్దమ్మ