రథం బొమ్మ చెదిరిందా? ఇండెక్స్ మరిచినట్టున్నావు

తమ్ముడూ, పర్లాకిమిడి రథయాత్ర చూసొచ్చి గీసిన రథాన్ని అల్టిమా ఆన్‌లైన్ అనే గేము పాత క్లయింట్‌కి (మన కంప్యూటర్లో నడిచే గేము ప్రోగ్రాముకి) నీ సొంత ప్యాచ్‌లో, అంటే నువ్వు మార్చిన ఫైళ్లలో పెడితే వస్తువులన్నీ చెదిరిపోయి, చక్రాలకు చిల్లులు పడ్డాయన్నావు కదా. బొమ్మలుండే ఆర్ట్.మల్ (art.mul) ఫైలొక్కటే కాపీ చేసుంటావు. ఏ బొమ్మ ఆ ఫైల్లో ఎక్కడ మొదలవుతుందో చెప్పే ఇండెక్స్ ఆర్ట్ఐడీఎక్స్.మల్ (artidx.mul), కాబట్టి ఒకేసారి సేవ్ అయిన రెండింటినీ జంటగానే పెట్టాలి.

చిల్లులంటావా, అచ్చ నలుపు అంటే గేముకి పారదర్శకం. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కో రంగుకి 8 బదులు 5 బిట్లే గనక ఆ మూడింటికీ 7,7,7 వేసినా సున్నాకే పడిపోతుంది, 8,8,8తో నింపు, కంటికి నలుపే.

అసలు ఫైళ్ల మీద మాత్రం రాయకు. రాయగడలో కరెంటు పోయేలోపు చేసేద్దామని తొందరపడి నేను రాసేశాను, గేమంతా మళ్లీ దించుకోవాల్సొచ్చింది. వస్తువు పేరు కూడా మారాలంటే ఆ పేర్లుండే టైల్‌డేటా.మల్ (tiledata.mul) చూడు.