మెడికల్ డిగ్రీ లేకుండా తల్లీబిడ్డల ఆరోగ్యంపై పోస్ట్‌డాక్ చేయొచ్చా?

ప్రశ్న: ఎకనమిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను మేడమ్. త్వరలో థీసిస్ సబ్మిట్ చేస్తాను. ప్రభుత్వ పథకాలు, ప్రసూతి సెలవు చట్టాల వల్ల తల్లుల, పసిబిడ్డల ఆరోగ్యం ఎలా మారుతుందన్న అంశంపై పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన) చేయాలని ఉంది. నేను డాక్టర్ని కాను కదా, తీసుకుంటారా? ఇంకా ఎన్నాళ్లీ చదువని ఇంట్లో టెన్షన్ పడుతున్నారు.

జవాబు: డాక్టర్ని కానన్న బెంగ వదిలేయండి. ఈ రంగంలో ఆర్థికవేత్తలు, జనాభా శాస్త్రవేత్తలు, జనంలో జబ్బుల తీరును పరిశీలించే ఎపిడెమియాలజిస్టులు కలిసే పనిచేస్తారు. మీలాంటివాళ్ల అవసరం ఎంత ఉందో ఒక పథకం సంగతి చూస్తే తెలుస్తుంది.

భారత్‌లో 2005లో జననీ సురక్షా యోజన మొదలైంది. ఆస్పత్రిలో కాన్పయితే తల్లికి నగదు ఇస్తారు. ఆస్పత్రి కాన్పులు పెరిగాయి, సరే. మరి పసికందుల మరణాలు తగ్గాయా? తగ్గాయని 2010లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం చెప్పింది. పథకం ఒక్కో జిల్లాలో ఒక్కో సమయంలో అమల్లోకి రావడాన్ని ఆధారం చేసుకుని లెక్కకట్టిన 2015 నాటి అధ్యయనానికి మాత్రం అలా అనడానికి గట్టి ఆధారం దొరకలేదు. ఆస్పత్రికి వెళ్లిన తల్లినీ, వెళ్లని తల్లినీ పక్కపక్కన పెట్టి చూస్తే మోసపోతాం. వెళ్లగలిగిన కుటుంబానికి చదువో డబ్బో ముందే ఉండొచ్చు. కాన్పు కష్టమయ్యాక, ఆఖరి నిమిషంలో ఆస్పత్రికి చేరినవాళ్లూ ఉంటారు. పథకమే లేకపోతే ఈ తల్లికి ఏమయ్యేది? దీనికి నమ్మదగ్గ జవాబు వెతకడమే మీ పని. ఎకనమెట్రిక్స్ (ఆర్థిక విషయాలను గణాంకాలతో తేల్చే పద్ధతులు) నేర్చుకున్నది అందుకే కదా.

అలాగని వైద్యం వైపు కన్నెత్తి చూడకుండా ఉంటే కుదరదు. 2,500 గ్రాముల కన్నా తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ 37 వారాలు నిండకముందే పుట్టి ఉండొచ్చు, నెలలు నిండినా కడుపులో సరిగ్గా ఎదగక ఉండొచ్చు. రెండింటికీ కారణాలు వేరు, పనికొచ్చే పథకాలూ వేరు కావచ్చు. మాతృ మరణాల లెక్క కాన్పయ్యాక 42 రోజులతో ఆగిపోతుంది. కాబట్టి ఏడాదిపాటు వైద్య బీమా ఇచ్చే పథకం మేలంతా ఆ ఒక్క అంకెలో వెతికితే దొరకదు. పైగా ఆ మరణాలు సంఖ్యలో తక్కువ కాబట్టి చిన్న సర్వేలో మార్పు కనిపించదు. ఇలాంటివి నేర్చుకోవడానికి ఇంకో డిగ్రీ అక్కర్లేదు, ఒక ప్రసూతి వైద్యురాలినో నియోనేటాలజిస్టునో (నవజాత శిశువుల వైద్యులు) సహ పరిశోధకులుగా కలుపుకోండి.

ఇక గైడ్ ఎంపిక. పేరున్న ప్రొఫెసర్ కన్నా డేటా చేతిలో ఉన్న ప్రొఫెసర్ మేలని నా అభిప్రాయం. జనన, మరణ రికార్డులను కలిపి చూడాలంటే ఎథిక్స్ కమిటీ (పరిశోధన నైతికతను పరిశీలించే కమిటీ) అనుమతి, డేటా ఒప్పందాలు కావాలి. అవి వచ్చేసరికి నెలలు గడిచిపోతాయి. రెండేళ్ల పోస్ట్‌డాక్‌లో అదెంత నష్టమో ఆలోచించండి. నార్వేలో 1967 నుంచీ జనన రిజిస్టర్ ఉంది. అలాంటి రికార్డులతో ఇప్పటికే పనిచేస్తున్న బృందాలను వెతకండి. ఇంటర్వ్యూలో మొహమాటపడకుండా రెండు విషయాలు అడగండి: డేటా అనుమతి ఇప్పటికే ఉందా? ఇంతకుముందు ఇక్కడ పోస్ట్‌డాక్ చేసినవాళ్లు ఇప్పుడెక్కడున్నారు?

ఇంట్లోవాళ్లకు చెప్పండి, ఇది చదువు కాదు, జీతం వచ్చే కాంట్రాక్టు ఉద్యోగమని. తర్వాత యూనివర్సిటీలతోపాటు ప్రజారోగ్య సంస్థలు, ప్రభుత్వ మూల్యాంకన విభాగాలు, యునిసెఫ్, ప్రపంచ బ్యాంకు లాంటి చోట్లా అవకాశాలుంటాయి. ఒక పోస్ట్‌డాక్ అయ్యాక మాత్రం ఏ గమ్యమూ లేకుండా మరొకదానికి వెళ్లొద్దు.

థీసిస్ ఇచ్చేలోపే ఒక పేజీ రాసిపెట్టుకోండి. ఒకే పథకం, అది అమల్లోకి వచ్చిన తేదీ, అది ఎవరికి అందింది, ఎవరికి అందలేదు, బిడ్డ ఆరోగ్యంలో ఏం మారుతుందనుకుంటున్నారు, ఆ మార్పు ఏ దారిన వస్తుంది. ప్రొఫెసర్లకు పంపే మెయిల్‌లో సీవీ కన్నా ముందు ఆ పేజీ ఉండాలి.