గోల్డ్‌ఫిష్ ఇక కోలుకోదనిపిస్తే?

పొట్ట ఉబ్బి, పొలుసులు నిక్కబొడుచుకున్న గోల్డ్‌ఫిష్‌ను ఉంచాలా, బాధ లేకుండా సాగనంపాలా అని అడిగారు. ముందు నీళ్లలో చేపకు విషమైన అమ్మోనియా, నైట్రైట్ ఉన్నాయేమో చూడండి, రెండూ సున్నా ఉండాలి. ఇంకా మేత తింటుంటే ఆశ ఉన్నట్టే, విడి తొట్టెలో పెట్టి పశువైద్యుడిని అడగండి. తలకిందులుగా తేలడం ఒక్కటే చూసి తొందరపడొద్దు, మలబద్ధకానికీ అలా అవుతుంది. రోజుల తరబడి తినక, అడుగున ఒరిగి రొప్పుతుంటే మాత్రం ఇంకా ఉంచడం హింసే.

అప్పుడు బాధ లేకుండా సాగనంపడానికి లవంగ నూనె మేలు. గిన్నెలోని నీళ్లకు లీటరుకు 0.4 మి.లీ. చొప్పున తీసుకుని, సీసాలో కాసిని గోరువెచ్చని నీళ్లతో పాలలా తెల్లబడేదాకా గిలక్కొట్టి, చేప ఉన్న గిన్నెలో కొద్దికొద్దిగా పోయాలి. మొప్పల కదలిక ఆగాక కూడా అరగంట అందులోనే ఉంచండి, ముందే తీస్తే తేరుకోవచ్చు. బతికుండగా ఫ్రీజర్‌లో పెట్టడం, ఫ్లష్ చేయడం దయచేసి వద్దు.