పనిలేని ప్రాసెసర్‌ను సోమరి అనవచ్చా?

సందేహం: లినక్స్ కెర్నల్ (కంప్యూటర్‌ను నడిపే లినక్స్ వ్యవస్థలోని మూలభాగం) కరెంటును ఎలా మిగులుస్తుందో తెలుగులో రాస్తున్నాను. "పని లేనప్పుడు ప్రాసెసర్ సోమరి స్థితిలోకి వెళ్తుంది. గవర్నర్ ఎంచిన లోతుకు కెర్నల్ దాన్ని నిద్రిస్తుంది" అని రాశాను. సోమరి అన్నది ఇంగ్లిష్ 'ఐడిల్'కు నా అనువాదం; గవర్నర్ అంటే నిద్ర లోతును ఎంచే కెర్నల్ భాగం. సోమరి కాదు, నిష్క్రియ అనాలని ఒక మిత్రుడు అన్నాడు. ఖాళీ అంటే చాలని ఇంకొకరు. ఏది సరైనది? పవర్ సేవింగ్‌ను విద్యుత్ ఆదా అనాలా, పొదుపు అనాలా?

సమాధానం: ముందు సోమరిని కొట్టేయండి. పని ఎదురుగా ఉన్నా ఒళ్లు వంచనివాడు సోమరి. అది తిట్టు. ప్రాసెసర్ సంగతి అది కాదు. లినక్స్‌లో ప్రతి కోర్‌కూ (ప్రాసెసర్‌లో విడిగా పని చేయగల ఒక్కో భాగానికీ) ఐడిల్ టాస్క్ అని ఒకటి ఉంటుంది. నడపడానికి ఇంకే టాస్కూ లేదని షెడ్యూలర్ (ఏ పని ఎప్పుడు నడవాలో చూసే కెర్నల్ భాగం) తేల్చాకే దాని వంతు వస్తుంది. పని ఇస్తే చేసేదే, పాపం!

నిష్క్రియలో అర్థదోషం లేదు కానీ, ఆ మాట ఇప్పటికే వేరే పనికి కుదురుకుంది. వాడకం మానేసిన ఖాతాను నిష్క్రియ ఖాతా అంటున్నాం. లినక్స్‌లో ఒక కోర్‌ను పూర్తిగా ఆఫ్‌లైన్ చేసి, దానికి టాస్కులు ఇవ్వకుండా పక్కన పెట్టే వీలుంది. నిష్క్రియను దానికోసం దాచుకోండి. మీరు చెబుతున్న కోర్ పిలిస్తే పలకడానికి సిద్ధంగానే ఉంది.

ఇక మిగిలింది ఖాళీ. నా ఓటు దీనికే, ఒక షరతు మీద. 'ఖాళీ గిన్నె' అంటే లోపల ఏమీ లేని గిన్నె. 'ఖాళీగా ఉన్నాను' అంటే చేతిలో పని లేదని. ఖాళీని వస్తువు పేరుకు ముందు నేరుగా తగిలిస్తే శూన్యం అనే అర్థం ముందుకొస్తుంది. 'గా' చేర్చి 'ఉండు'తో కలిపితే తీరిక అనే అర్థం వస్తుంది. 'ఖాళీ సమయం' లాంటివి ఈ లెక్కకు లొంగవు గానీ, సమయం గిన్నె కాదు కదా. ఖాళీ మెమరీ సరే, అక్కడ నిజంగానే చోటు ఖాళీ. ప్రాసెసర్‌ను మాత్రం 'ఖాళీగా ఉన్న ప్రాసెసర్' అనే రాయండి.

నిద్ర దగ్గరికి వస్తే తెలుగు మహా సంపన్నం. మగత, కునుకు, కోడికునుకు, కలతనిద్ర, గాఢనిద్ర, మొద్దునిద్ర. ప్రాసెసర్‌కూ ఇన్ని మెట్లూ ఉన్నాయి. మెలకువగా పని చేసే స్థితి సీ0. సీ1లో కోర్ పనికి లయ ఇచ్చే గడియారం (క్లాక్) ఆగుతుంది, అంతే, అది కునుకు. సీ6 వరకు దిగితే కోర్ తన స్థితిని వేరే చోట భద్రపరుచుకుంటుంది, దానికి వోల్టేజీయే తీసేయవచ్చు, ఇది గాఢనిద్ర. ఇంటెల్ స్కైలేక్ కోసం లినక్స్‌లో ఉన్న పట్టిక చూడండి: సీ1 నుంచి లేవడానికి 2 మైక్రోసెకన్లు, సీ6 నుంచి 85, సీ10 నుంచి 890. అదే పట్టికలో ఇంకో అంకె ఉంటుంది. ఆ స్థితిలో కనీసం ఎంతసేపు ఉంటే దిగి ఎక్కిన ఖర్చు పోగా లాభం మిగులుతుందో చెబుతుంది. సీ6కు అది 200 మైక్రోసెకన్లు, సీ10కి 5000. ఇంగ్లిష్‌లో దీని పేరు టార్గెట్ రెసిడెన్సీ. దీన్ని చాలామంది 'లక్ష్య నివాస కాలం' అని అనువదిస్తున్నారు. చదివితే ఇల్లు అద్దెకు తీసుకున్నట్టుంది. మనకు గిట్టుబాటు అనే చక్కటి మాట ఉండగా ఈ తిప్పలెందుకు? గిట్టుబాటు వ్యవధి అనండి.

కలతనిద్రకూ చోటుంది. ఒకప్పుడు పని ఉన్నా లేకున్నా టైమర్ కోర్‌ను క్రమం తప్పకుండా తట్టేది. సెకనుకు 1000 సార్లు తడితే ప్రతి 1000 మైక్రోసెకన్లకూ మెలకువే. 5000 ఉంటే గాని గిట్టుబాటు కాని నిద్ర ఎక్కడ పడుతుంది? 2007లో వచ్చిన 2.6.21 కెర్నల్ నుంచి, కోర్ ఖాళీగా ఉన్నంతసేపూ ఆ తట్టుడును, అంటే టిక్కును, ఆపే వీలు కలిగింది.

మీ వాక్యంలో అసలు తప్పు మీరు అడగనిదే. "కెర్నల్ దాన్ని నిద్రిస్తుంది" కుదరదు. ఆడు–ఆడించు, నవ్వు–నవ్వించు చూసి 'ఇంచు' ఉన్న చోటల్లా ఇంకొకరి చేత చేయించడమే అనుకుంటాం. కానీ సంస్కృత పదం మీద చేరినప్పుడు 'ఇంచు' చాలాసార్లు దాన్ని క్రియగా మారుస్తుందంతే. నిద్రించు అంటే తాను నిద్రపోవడం. పక్కవారి సంగతైతే నిద్రపుచ్చు. అలాగే ఇంటరప్ట్ (పని వచ్చిందని ప్రాసెసర్‌ను తట్టే సంకేతం) ప్రాసెసర్‌ను 'మేల్కొనదు', మేల్కొలుపుతుంది. లేపుతుంది అంటే ఇంకా హాయి. ఈ తేడా ఇక్కడ వ్యాకరణానికే పరిమితం కాదు. కోర్ పడుకుంటే దాని మీద నడుస్తున్న కెర్నల్ కోడ్ కూడా నిద్రపుచ్చిన ఆదేశం దగ్గరే ఆగిపోతుంది. తనంతట తాను లేవలేదు. నిద్రపుచ్చేది కెర్నల్, లేపేది ఇంటరప్ట్. క్రియ తప్పితే కర్త కూడా తారుమారవుతుంది.

గవర్నర్‌ను అనువదించకండి. పాత ఆవిరి యంత్రాల వేగాన్ని అదుపు చేసే పరికరానికీ అదే పేరు, మీది ఆ వంశమే. ఎంత లోతు నిద్ర గిట్టుతుందో ఊహించి చెప్పే భాగం అది. క్రియ దగ్గర మాత్రం జాగ్రత్త. మెనూ అనేది లినక్స్‌లోని ఒక గవర్నర్ పేరు. "మెనూ గవర్నర్ నిర్ణయిస్తారు" అని ఒక అనువాదంలో చూసి ఆ వేళంతా నవ్వుకున్నాను. నిర్ణయిస్తుంది అనండి.

పొదుపు, ఆదా రెండూ మనవే, రెండూ వేరు. ఆచితూచి వాడే తీరు పొదుపు; అలా వాడగా మిగిలింది ఆదా. పొదుపు చేసినా ఆదా కాని రోజులుంటాయి. పవర్‌సేవ్ అనే గవర్నర్ (ఇది నిద్రను కాదు, వేగాన్ని చూసే వేరే రకం) సాధారణ రూపంలో ప్రాసెసర్‌ను అనుమతించిన అతి తక్కువ వేగంలో ఉంచుతుంది. పని సాగి సాగి నిద్రకు వెళ్లడం ఆలస్యమైతే ఆదా తగ్గవచ్చు. కాబట్టి అది పొదుపు గవర్నరే, ఆదా గవర్నర్ కాదు. మీ వ్యాసానికి 'విద్యుత్ పొదుపు' అని పేరు పెట్టి, కొలతలు చెప్పే చోట 'ఆదా' వాడండి.

మీ వాక్యం నా చేతిలో ఇలా ఉంటుంది: "ప్రాసెసర్ ఖాళీగా ఉన్నప్పుడు, ఎంత లోతు నిద్ర గిట్టుబాటో గవర్నర్ ఎంచుతుంది; కెర్నల్ ఆ మేరకు దాన్ని నిద్రపుచ్చుతుంది."