ఇంజిన్ సైజు అదే, మరి పవర్ ఎలా పెరిగింది?

ప్రశ్న: ఎనభైల నాటి కార్ల గురించి ఇష్టంగా చదువుతుంటాను. 1982లో వచ్చిన మెర్సిడెస్ 190, 190ఇ రెండింటిలోనూ 1997 సీసీ పెట్రోల్ ఇంజినే ఉంది. కార్బురేటర్ (గాలిలో పెట్రోల్ కలిపే పాత పద్ధతి పరికరం) ఉన్న 190కి 90 హార్స్‌పవర్, ఇంజెక్షన్ (పెట్రోల్‌ని ఒత్తిడితో చిమ్మే పద్ధతి) ఉన్న 190ఇకి 122. కార్బురేటర్ తీసేస్తే చాలు 32 పెరిగిపోతుందా? తర్వాత పొగలోని హానికర వాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ వచ్చి పవర్ తగ్గించేసిందంటారు, నిజమేనా?

జవాబు: మొత్తం క్రెడిట్ ఇంజెక్షన్‌కే ఇచ్చేయకండి. ఆ 90 హార్స్‌పవర్ ఇంజిన్‌లో వాల్వులు చిన్నవి, వాల్వుల్ని తెరిపించే క్యామ్‌షాఫ్ట్ కూడా వేరు. అందుకే 1984లో కార్బురేటర్ అలాగే ఉంచి 190ని 105కి తేగలిగారు. మిగిలిన తేడాలో మాత్రం ఇంజెక్షన్ వాటా పెద్దదే.

కార్బురేటర్‌లో గాలి ఒక ఇరుకు గొంతులోంచి వేగంగా పోవాలి, అప్పుడే అక్కడ ఒత్తిడి తగ్గి పెట్రోల్ జెట్‌లోంచి బయటికొస్తుంది, అంటే ఇరుకు లేకపోతే అసలు పనే జరగదు, కానీ ఆర్‌పీఎం పెరిగేకొద్దీ అదే ఇరుకు ఇంజిన్‌కి ఊపిరాడనివ్వదు. పైగా ఒకచోట కలిసిన మిశ్రమం నాలుగు సిలిండర్లకీ సమానంగా అందదు. ఇంజిన్ చల్లగా ఉంటే పెట్రోల్ సగం దారిలోనే మానిఫోల్డ్ (సిలిండర్లకి దారితీసే గొట్టాలు) గోడలకి తడిగా అంటుకుపోతుంది, అందుకే మిశ్రమంలో పెట్రోల్ పాలు పెంచే చోక్ అవసరం. 190ఇలో ఉన్న బాష్ కేఈ-జెట్రానిక్ అనే ఇంజెక్షన్ వ్యవస్థలో గాలి దారికి అడ్డంగా ఒక గుండ్రటి పళ్లెం ఉంటుంది. గాలి దాన్ని ఎంత నెడితే అంత పెట్రోల్ ఒక్కో సిలిండర్‌కీ విడిగా, ఇన్‌టేక్ వాల్వు ముందరే పడుతుంది. వేడిని బట్టి చేసే చిన్న చిన్న సవరణలు ఎలక్ట్రానిక్స్ చూసుకుంటుంది.

నన్నడిగితే ఆ దశాబ్దంలో జరిగిన పెద్ద పని ఇలా ఇంజిన్‌లో జరిగేదాన్ని కొలిచి, దాన్ని బట్టి సరిదిద్దడమే. సాబ్ 900 టర్బోలో 1982 ప్రాంతంలో వచ్చిన ఏపీసీ (ఆటోమేటిక్ పర్ఫార్మెన్స్ కంట్రోల్) అనే ఏర్పాటునే చూడండి: ఇంజిన్ బ్లాక్‌కి బిగించిన సెన్సర్ నాకింగ్‌ని (సిలిండర్‌లో మిశ్రమం అదుపు తప్పి పేలడాన్ని) పసిగట్టగానే టర్బో బూస్ట్, అంటే టర్బో గాలిని నొక్కి పంపే ఒత్తిడి, తగ్గిపోతుంది, కాబట్టి పెట్రోల్ ఆక్టేన్ (నాకింగ్‌ని తట్టుకునే గుణం) కాస్త తక్కువైనా ఇంజిన్ పాడవ్వదు. నాకు ఆ రోజుల ఇంజిన్లన్నిటిలో ఎక్కువ నచ్చిన ఆలోచన ఇదే.

ఇక క్యాటలిటిక్ కన్వర్టర్ సంగతి. పవర్ తగ్గిన మాట నిజమే, 190ఇ 122 నుంచి 118కి దిగింది, అంతే. మూడు రకాల హానికర వాయువుల్నీ ఒకేసారి తగ్గించే త్రీ-వే కన్వర్టర్ సరిగ్గా పనిచేయాలంటే కిలో పెట్రోల్‌కి 14.7 కిలోల గాలి అన్న లెక్క దాదాపు తప్పకూడదు. సైలెన్సర్ వైపు పోయే పొగలో మిగిలిన ఆక్సిజన్‌ని లాంబ్డా సెన్సర్ చూసి, మిశ్రమాన్ని క్షణక్షణం సరిదిద్దుతూ ఉంటేనే అది కుదురుతుంది, మామూలు కార్బురేటర్‌తో అయ్యే పని కాదు. సీసం కలిసిన పెట్రోల్ మాత్రం దీనికి పడదు, సీసం లోపలి పూత మీద పేరుకుని కన్వర్టర్‌ని పనికిరాకుండా చేస్తుంది.